నొప్పి తగ్గిందంటే నయమైనట్టేనా?

బందరులో పళ్ల డాక్టరు దగ్గరకు వెళ్లేవాళ్లను బస్సు దిగగానే పోల్చుకోవచ్చు. ఒక చెయ్యి సంచీ మీద, రెండో చెయ్యి దవడ మీద! మొన్నామధ్య కోనేరు సెంటర్ దగ్గర ఓ క్లినిక్‌లో నా వంతు కోసం కూర్చుంటే పక్క కుర్చీలో నాగాయలంక నుంచి వచ్చిన పెద్దాయన కనిపించారు. తలకూ గడ్డానికీ కలిపి తువ్వాలు బిగించి కట్టుకున్నారు.

"ఏమ్మా, నీకూ పన్నేనా?" అన్నారు.

"క్లీనింగ్‌కి వచ్చాను బాబాయ్ గారూ. మీకెన్నాళ్ల నుంచి?"

"నొప్పా? రాత్రి నుంచేనమ్మా. పన్ను పుచ్చి మాత్రం నాలుగేళ్లయింది. అప్పుడూ ఇలాగే వచ్చింది. లవంగనూనె పెట్టి, రెండు బిళ్లలు వేసుకున్నా. వారానికల్లా పోయింది. పోయింది కదా అని ఊరుకున్నా."

ఆ 'పోయింది కదా' దగ్గరే ఉంది అసలు చిక్కు. దివిసీమ నుంచి బందరు రావాలంటే బస్సులో గంటకు పైగా ప్రయాణం, ఒక రోజు పని పోవడం. నొప్పి లేనప్పుడు ఎవరొస్తారు? కానీ నోటి జబ్బుల్లో చాలావాటికి ఒక గడుసుతనం ఉంది. మొదట్లో నొప్పి ఉండదు. కొన్నిసార్లు ముదిరాక కూడా ఉండదు. బందరు, గుడివాడ, దివిసీమ పాఠకులు పళ్ల గురించి తరచూ అడిగే ప్రశ్నల్ని దంతవైద్యుల ముందు పెట్టి, వాళ్లు చెప్పిన సమాధానాలను ఈ వారం మీకందిస్తున్నాం.

పన్ను పోటు దానంతటదే తగ్గిపోయింది. ఇక డాక్టరుతో పనేంటి?

ఇప్పుడే అసలు పని. పన్నుకు పైన గట్టి పింగాణీ పొర ఉంటుంది. దానికి నరాలు లేవు. పుచ్చు అక్కడ ఉన్నంతకాలం మనకు తెలియదు. దాని కింది పొరకు చేరాక చల్లనీళ్లు తాగినా, తీపి తిన్నా జివ్వుమంటుంది. ఇంకా లోపల నరమూ రక్తనాళాలూ ఉండే గుజ్జు ఉంటుంది. పుచ్చు అక్కడికి చేరితే పోట్లు మొదలవుతాయి. పడుకుంటే తలవైపు రక్తం ఎక్కువగా చేరుతుంది కాబట్టి రాత్రిళ్లు మరీ సలుపుతుంది. కొన్నాళ్లకు ఆ గుజ్జు చచ్చిపోతుంది. అప్పుడు నొప్పి ఆగిపోతుంది. మనం లవంగం గొప్పదనం అనుకుంటాం. లోపల మాత్రం చీము వేరు చివరకు పాకుతూనే ఉంటుంది. ఏడాదికో, నాలుగేళ్లకో దవడ వాపుతో మళ్లీ బయటపడుతుంది.

జివ్వుమన్న రోజే వస్తే చిన్న సిమెంటుతో పోయేది. పోట్లు మొదలయ్యాక వస్తే రూట్ కెనాల్. పన్ను మరీ శిథిలమయ్యాక వస్తే పీకడం తప్ప దారి ఉండకపోవచ్చు. ఆలస్యం చేసేకొద్దీ ఖర్చూ పెరుగుతుంది, పన్నూ పోతుంది. రూట్ కెనాల్ చేయించుకున్నవాళ్లు తొడుగు వేయించుకోకుండా వదిలేయడం మరో పొరపాటు. నమిలే దవడ పళ్లు ఆ తర్వాత విరిగిపోయే ప్రమాదం ఉంటుంది.

లవంగనూనె తాత్కాలికంగా తిమ్మిరి ఎక్కిస్తుంది, అంతే. ఎక్కువ రాస్తే చిగురు కాలుతుంది. నొప్పి బిళ్లను మింగకుండా పంటి పక్కన పెట్టుకునేవాళ్లూ ఉన్నారు. దానివల్ల లోపలి చర్మం కమిలిపోతుంది. బుగ్గ వాచి జ్వరం వచ్చినా, మింగడం కష్టమైనా, నోరు తెరవలేకపోయినా, దవడ కింద గట్టిగా వాచినా మర్నాటి దాకా ఆగకండి. ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి.

మా ఊరికి వచ్చేవాళ్లు పంటిలోంచి పురుగు తీసి చూపించారు. నిజమేనా?

పంటిలో కంటికి కనిపించే పురుగు ఉండదు. చూపించిన పురుగు చూపించినవాళ్ల చేతిలోదే! పన్ను పుచ్చడానికి కారణం సూక్ష్మక్రిములు. మనం తిన్న తీపిని అవి ఆమ్లంగా మారుస్తాయి. ఆ ఆమ్లం పింగాణీని కరిగిస్తుంది. లాలాజలం దాన్ని విరిచేసి నోటిని మామూలు స్థితికి తేవడానికి సుమారు అరగంట నుంచి గంట పడుతుంది. అందుకే ఎంత తీపి తిన్నామన్నది ఒక్కటే కాదు, రోజుకు ఎన్నిసార్లు తిన్నామన్నదీ ముఖ్యమే.

బందరు లడ్డు భోజనంతోపాటు ఒకటి తిని నోరు పుక్కిలిస్తే అంత భయం లేదు. అదే లడ్డు పొద్దుటి నుంచి రాత్రి దాకా చిదిపి చిదిపి తింటే పంటికి రోజంతా ఆమ్ల స్నానమే. పళ్లకు అంటుకుపోయే హల్వా, తిరునాళ్లలో కొనే జీళ్లు ఇంకాస్త ఎక్కువ హాని చేస్తాయి. రోజుకు ఏడెనిమిదిసార్లు చక్కెర టీ తాగేవాళ్లూ ఈ లెక్కలోకే వస్తారు.

పై పన్ను తీయిస్తే కంటిచూపు పోతుందంటారు. భయంగా ఉంది.

గుడివాడ నుంచి ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. చూపుకు సంబంధించిన నరం వేరు, పళ్లకు వెళ్లే నరం వేరు. పన్ను తీసినంత మాత్రాన చూపు తగ్గదు. పళ్లు కదిలే వయసు, చత్వారం వచ్చే వయసు చాలామందికి దాదాపు ఒకటే. రెండూ ఒకేసారి వచ్చేసరికి నేరం పళ్ల డాక్టరు మీద పడుతోంది.

నిజానికి భయపడాల్సింది చీము పట్టిన పన్నును అలాగే ఉంచుకున్నందుకు. పై దవడలోని చీము అరుదుగానైనా కంటి చుట్టుపక్కలకు పాకే ప్రమాదం ఉంది.

క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయట కదా?

పళ్ల మీద రోజూ పేరుకునే పాచి తీయకపోతే గట్టిపడి గార అవుతుంది. గార కింద చిగురు వాస్తుంది, తోముకుంటే రక్తం వస్తుంది. ఆ తర్వాత పన్నును పట్టి ఉంచే ఎముక కొద్దికొద్దిగా కరుగుతుంది. ఇదంతా చాలామందిలో నొప్పి లేకుండానే జరిగిపోతుంది. ఎముక పోయిన చోట గారే గోడలా నిలబడి ఉంటుంది. దాన్ని తీయగానే ఖాళీలు కనిపిస్తాయి, పన్ను కదులుతున్నట్టు తెలుస్తుంది. వదులు చేసింది క్లీనింగ్ కాదు, అన్నాళ్లూ పేరుకున్న గార. క్లీనింగ్ తర్వాత కొద్దిరోజులు జివ్వుమనడం మామూలే. చిగుళ్లలో రక్తం వస్తోందని తోముకోవడం మానేస్తారు కొందరు. మానితే పాచి పెరుగుతుంది, రక్తం ఇంకా ఎక్కువవుతుంది.

మెరుపు కోసం మాత్రం తొందరపడకండి. చిలకలపూడి నగల గురించి మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు, పైపూత వేరు, లోపలి లోహం వేరు. చిగుళ్లు బాగుచేయించుకోకుండా పళ్లు తెల్లబరిపించుకోవడమూ అలాంటిదే.

మా తాతగారు వేపపుల్లతోనే తోమారు. తొంభై ఏళ్లకూ పళ్లు గట్టిగా ఉన్నాయి. మాకెందుకు ఈ బ్రష్షులు?

వేపపుల్లను తప్పుపట్టనక్కర్లేదు. మెత్తగా నమిలి, నిదానంగా తోముకుంటే పాచి పోతుంది. కానీ దవడ పళ్ల లోపలి వైపుకు, పంటికీ పంటికీ మధ్యకు అది సరిగా వెళ్లదు. పైగా తాతగారి కాలంలో చక్కెర వాడకం ఇంత లేదు. కచ్చిక, బొగ్గుపొడి, ఇటుకపొడి, గరుకు ఉప్పు మాత్రం వద్దు. తెల్లగా చేసినట్టే చేసి పింగాణీని అరగదీస్తాయి. ఇక పొగాకు కలిపిన పళ్లపొడుల మాట. కేంద్ర ప్రభుత్వం 1992లోనే పళ్లపొడి, పేస్టుల్లో పొగాకు వాడకాన్ని నిషేధించింది.

మెత్తటి కుచ్చు బ్రష్, ఫ్లోరైడ్ ఉన్న పేస్టు, రోజుకు రెండుసార్లు, రెండేసి నిమిషాలు. రెండింటిలో రాత్రి తోముకోవడమే ముఖ్యం. నిద్రలో లాలాజలం తగ్గుతుంది కనుక క్రిములకు అదే అదను. మూడేళ్లలోపు పిల్లలకు పేస్టు బియ్యపు గింజంత, ఆ తర్వాత ఆరేళ్ల దాకా బఠాణీ గింజంత చాలు.

మా కోడలిది దర్శి వైపు. పళ్ల మీద గోధుమరంగు చారలున్నాయి. సరిగా తోముకోకపోవడం వల్లేనా?

కాదమ్మా, ఆ అమ్మాయిని ఏమీ అనకండి. అది నీళ్ల వల్ల వచ్చింది. చిన్నతనంలో చిగురు లోపల పళ్లు తయారవుతున్నప్పుడు ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న నీళ్లు తాగితే అలాంటి మచ్చలు పడతాయి. మన దేశంలో ఫ్లోరోసిస్ గురించి వైద్య పత్రికల్లో తొలినాళ్లలో వచ్చిన వివరాలు ఆ ప్రాంతానివే. నాటి మద్రాసు రాష్ట్రంలోని ఈ జబ్బు గురించి 1937లోనే పరిశోధకులు రాశారు. లీటరు నీటిలో ఫ్లోరైడ్ ఒక మిల్లీగ్రాము మించకూడదన్నది మన దేశ ప్రమాణం. వేరే నీళ్లు దొరకని చోట 1.5 దాకా ఒప్పుకుంటారు. కృష్ణా కాలువలతో నింపిన చెరువు నీళ్లు తాగే డెల్టా పల్లెల్లో ఈ బెడద సాధారణంగా ఉండదు.

ఆ మచ్చలు ఎంత తోమినా పోవు. చూడటానికి ఇబ్బందిగా ఉంటే దంతవైద్యులు కప్పివేయగలరు. మచ్చలు తల్లి నుంచి బిడ్డకు రావు. మీ మనవలు ఏ నీళ్లు తాగి పెరుగుతారన్నదే లెక్క.

పాలపళ్లు ఎలాగూ ఊడిపోయేవే కదా, పుచ్చితే ఏమవుతుంది?

ముందరి పాలపళ్లు ఆరేడేళ్లకు ఊడతాయి కానీ, దవడ పాలపళ్లు పది పన్నెండేళ్ల దాకా ఉండాలి. అవే కింద వచ్చే పళ్లకు చోటు పట్టి ఉంచుతాయి. ముందే పీకేస్తే పక్కపళ్లు జరిగిపోయి, వచ్చే పన్ను వంకరగా వస్తుంది. నొప్పితో పిల్లలు తిండి మానేయడం, నిద్ర లేకపోవడం సరేసరి. పాలసీసా నోట్లో పెట్టుకుని నిద్రపోయే పిల్లలకు ముందు పళ్లు త్వరగా పుచ్చుతాయి.

తల్లులు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. ఆరో ఏట, పాలపళ్లన్నిటికీ వెనకాల, ఏ పన్నూ ఊడకుండానే కొత్త దవడ పన్ను ఒకటి వస్తుంది. ఊడలేదు కదా, ఇదీ పాలపన్నే అనుకుంటారు. అది జీవితాంతం ఉండాల్సిన పన్ను. పుచ్చిందని పీకించేశాక మరొకటి రాదు.

మా అబ్బాయికి క్రికెట్ బంతి తగిలి ముందు పన్ను ఊడి కింద పడింది. ఏం చేయాల్సింది?

శాశ్వత పన్నయితే పారేయకండి. వేరును ముట్టకుండా పైభాగం పట్టుకోండి. మట్టి అంటితే నీళ్లతో ఒక్కసారి కడగండి, రుద్దకండి. కుర్రాడు కాస్త పెద్దవాడైతే అదే చోట పెట్టి, శుభ్రమైన గుడ్డ కొరికి పట్టుకోమనండి. కుదరకపోతే గ్లాసు చల్లని పాలలో వేసి పరుగెత్తండి. అరగంటలో వెళితే నిలబడే అవకాశం బాగుంటుంది. గంట దాటేకొద్దీ తగ్గిపోతుంది. పాలపన్నును మాత్రం తిరిగి పెట్టకూడదు.

గర్భిణిని. పన్ను నొప్పిగా ఉంది. కాన్పయ్యేదాకా ఆగాలా?

ఆగనక్కర్లేదు. ఈ సమయంలో చిగుళ్లు వాచి రక్తం రావడం ఎక్కువే. నాలుగు, ఐదు, ఆరు నెలలు చికిత్సకు అనువైనవి. చీము, వాపు ఉంటే ఏ నెలలోనైనా చూపించుకోవాల్సిందే. ఎన్నో నెలో డాక్టరుకు ముందే చెప్పండి. మందులు సొంతంగా కొని వాడకండి.

షుగరుంది. పన్ను తీయించుకోవచ్చా?

షుగరు అదుపులో ఉంటే నిరభ్యంతరంగా తీయించుకోవచ్చు. షుగరుకూ చిగుళ్లకూ దుష్ట స్నేహం. షుగరు పెరిగితే చిగుళ్లు చెడతాయి, చిగుళ్లలో చీముంటే షుగరు అదుపు తప్పుతుంది. ఉన్నట్టుండి పళ్లు కదలడం మొదలైతే ఒకసారి షుగరు పరీక్ష చేయించుకోవడం మేలు. గుండెజబ్బుకు రక్తం పలచబడే బిళ్లలు వాడేవాళ్లు ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి. వాటిని సొంతంగా మానేయకూడదు.

బుగ్గ లోపల పుండు మానడం లేదు. నొప్పి మాత్రం లేదు.

ఇది దివిసీమ నుంచి వచ్చిన ప్రశ్న. దీనికి జవాబు రాయడానికి ముందు మా అమ్మమ్మ సంగతి చెప్పాలి.

అమ్మమ్మది కోడూరు దగ్గర పల్లె. 1977 నవంబరు 19 ఉప్పెన రాత్రి ఇద్దరు పిల్లల్ని చంకనేసుకుని డాబా ఎక్కి బతికిన మనిషి. దేనికీ బెదిరేది కాదు. కిళ్లీతోపాటు పొగాకు కాడ బుగ్గన పెట్టుకోవడం ఒక్కటే ఆమె అలవాటు. ఓసారి సెలవుకు వెళ్లినప్పుడు కుడిబుగ్గ లోపల తెల్లటి మచ్చ ఉందని, పక్కనే చిన్న పుండు ఉందని చెప్పింది. "పన్ను గీసుకుంటోందిలే, నొప్పేం లేదు కదే" అని తనే కొట్టిపారేసింది. అప్పటికే నేను ఈ పేజీల్లో ఆరోగ్యం గురించి రాస్తున్నాను. టార్చిలైటు వేసి చూడాలని నాకూ తోచలేదు. ఐదు నెలల తర్వాత విజయవాడ తీసుకెళితే ముక్క తీసి పరీక్షకు పంపారు. క్యాన్సర్. మెడలో గడ్డలకూ పాకింది. ఆపరేషన్ అయింది, కరెంటు పెట్టారు. రెండేళ్లు బతికింది. ఆ రెండేళ్లూ జావ తప్ప మరేమీ మింగలేకపోయింది.

అందుకే ఈ ప్రశ్న అడిగినవారికి ఒక్కటే జవాబు. ఈ పత్రిక పక్కన పెట్టి రేపే వెళ్లండి. నోట్లో పుండు రెండు వారాలు దాటినా మానకపోతే నొప్పి ఉన్నా లేకపోయినా చూపించాలి. తుడిచినా పోని తెల్లమచ్చ, ఎర్రమచ్చ, చేతికి తగిలే గట్టి గడ్డ, నోరు సరిగా తెరుచుకోకపోవడం కూడా హెచ్చరికలే. మూడు వేళ్లు నిలువుగా నోట్లో పట్టాలి. పట్టకపోతే, ముఖ్యంగా వక్కపొడి, గుట్కా అలవాటున్న కుర్రాళ్లలో, అశ్రద్ధ చేయకూడదు. పొగాకు లేకుండా ఉత్త వక్కేగా అంటారు కొందరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అనుబంధంగా ఉన్న క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో వక్కను కూడా క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. ఉత్తర కోస్తాలో చుట్ట నిప్పును నోటిలోపల పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటు వల్ల అంగిట్లో వచ్చే మార్పుల మీద 10,169 మంది పల్లెవాసులను పరీక్షించి 1971లోనే పరిశోధకులు వివరాలు ప్రకటించారు. అంటే ఈ హెచ్చరిక మనకు కొత్తదేం కాదు.

క్యాన్సర్ అన్నమాట వినగానే కుంగిపోనక్కర్లేదు. ఇలాంటి పుండ్లన్నీ క్యాన్సర్ కావు. అయినా చిన్నగా ఉన్నప్పుడే పట్టుకుంటే నయమయ్యే అవకాశాలు చాలా మెరుగ్గా ఉంటాయి. నెలకోసారి వెలుతురులో అద్దం ముందు నిలబడి బుగ్గల లోపల, నాలుక పక్కల, నాలుక కింద, అంగిట్లో చూసుకోండి. ఇంట్లో పొగాకు అలవాటున్న పెద్దవాళ్లుంటే మీరే టార్చిలైటు పట్టుకోండి.

ఎక్కడికి వెళ్లాలి?

ఖర్చుకు భయపడి ఆగిపోయేవాళ్లు ముందు దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రిలో దంతవైద్యులు ఉండే వేళలు కనుక్కోండి. విజయవాడలో ప్రభుత్వ దంతవైద్య కళాశాల ఉంది. గన్నవరం దగ్గర చిన అవుటపల్లిలోనూ దంతవైద్య కళాశాల ఉంది, గుడివాడ వాళ్లకు అది దగ్గర. ఇలాంటి కళాశాలల్లో అధ్యాపకుల పర్యవేక్షణలో విద్యార్థులు చికిత్స చేస్తారు. సమయం కాస్త ఎక్కువ పడుతుంది, ఖర్చు సాధారణంగా బయటికంటే తక్కువ.

పన్ను తీయించుకున్న రోజు దూది అరగంట పైనే కొరికి పట్టుకోండి. ఉమ్మవద్దు, పుక్కిలించవద్దు. వేడివి తాగవద్దు. చుట్ట, బీడీ ముట్టవద్దు. రక్తం ఆగకుండా వస్తుంటే డాక్టరుకు ఫోన్ చేయండి.

ఇంతకీ ఆ నాగాయలంక పెద్దాయన ఏమయ్యారంటారా? ముప్పావుగంటకు నోట్లో దూదితో బయటికొచ్చారు. ఆ పన్ను నిలబడలేదు. మాట్లాడకూడదు కనుక నా వైపు చూసి చెయ్యి ఊపి, చీటీ చూపించారు. వచ్చే బుధవారం మళ్లీ రమ్మని రాసుంది. దేనికన్నట్టు చూశాను. రెండోవైపు దవడ మీద వేలుతో తట్టి చూపించారు. అక్కడా ఒక పన్ను పుచ్చడం మొదలైందట. సిమెంటుతో సరిపోతుందట.

"నొప్పి ఉందా?" అని అడిగాను.

లేదన్నట్టు తల అడ్డంగా ఊపి, చీటీని జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకున్నారు.